సూదితో పాటు జవాబు కూడా ఇవ్వండి: టీకాలకు అనుమతులిచ్చే అధికారులకు ఒక నర్సు బహిరంగ లేఖ

కొత్త టీకాలకు అనుమతులిచ్చే నియంత్రణ సంస్థల అధికారులకు, వారికి సలహా ఇచ్చే నిపుణుల కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను నర్సును. ఇరవై ఏళ్లు దాటింది టీకాలు వేయడం మొదలుపెట్టి. మీ బల్ల మీదికి వచ్చే ఒక్కో టీకా ఫైలు వేల పేజీలు ఉంటుందని విన్నాను. నా చేతికొచ్చేసరికి అదంతా బొటనవేలంత సీసా అయిపోతుంది. దాన్ని ఐస్‌ప్యాకుల మధ్య నుంచి తీస్తాను. గడువు తేదీ చూస్తాను, బ్యాచ్ నంబరు రిజిస్టర్లో ఎక్కిస్తాను, సిరంజిలోకి అర మిల్లీలీటరు లాగుతాను. ఎదురుగా ఒక తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చిన్న చెయ్యి కదలకుండా పట్టుకుని కూర్చుంటుంది. దూదితో తుడిచి సూది దగ్గరికి తెచ్చే ఆ రెండు క్షణాల్లోనే అడుగుతుంది: "ఏం కాదు కదా సిస్టర్?"

పాత టీకా అయితే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంటుంది. ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, సూది గుచ్చిన చోట గట్టిపడొచ్చు, ఇది ఇప్పటికి వేలమందికి వేశానమ్మా అంటాను. నా మాటలో నాకే ధైర్యం వినిపిస్తుంది. కొత్త టీకా వచ్చిన మొదటి నెలల్లో అలా కుదరదు. అప్పుడు నా దగ్గర సొంత అనుభవం ఉండదు, మీ సంతకం ఒక్కటే ఉంటుంది. మీరు చూడాల్సిందంతా చూసే సంతకం పెట్టి ఉంటారన్న నమ్మకంతో "ఏం కాదమ్మా" అంటాను. అందుకే ఈ ఉత్తరం మీకు.

ఒక విషయం ముందే చెప్పాలి. ఈ ఉత్తరాన్ని టీకాలు వద్దనేవాళ్లు ఎవరూ తమ వాదనకు వాడుకోవద్దు. టీకా లేని రోగం పిల్లల్ని ఏం చేస్తుందో నేను మంచం పక్కన నిలబడి చూశాను. కోవిడ్ టీకాలు మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా కోటీ 44 లక్షల మంది ప్రాణాలు కాపాడాయని ఒక అంచనా. ఆ సంఖ్యలో నా చేతి మీదుగా వెళ్లినవాళ్లూ కొందరు ఉంటారని తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి. టీకా మీద అంత నమ్మకం ఉంది కాబట్టే ఆ నమ్మకం చెడిపోతుందేమోనని టెన్షన్.

ఆలస్యం అమృతం విషం అంటారు. నిదానమే ప్రధానం అనీ అంటారు. టీకా విషయంలో రెండూ నిజమే. ఎక్కడ ఏది వర్తిస్తుందో తేల్చాల్సినవాళ్లు మీరు.

2020 జనవరి 11న కొత్త కరోనా వైరస్ జన్యుక్రమం ప్రపంచం చేతికి వచ్చింది. డిసెంబర్ 2న బ్రిటన్, వైరస్ ముక్క తయారుచేసుకోమని ఒంటికి సూచన పంపే రకంలో మొదటిదైన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు అత్యవసర అనుమతి ఇచ్చింది. మధ్యలో 326 రోజులు. అంతకుముందు వేగంగా వచ్చిన టీకాగా చెప్పుకునే గవదబిళ్లల టీకాకే నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు పెట్టుకున్న లక్ష్యం 100 రోజులు. 2021లో ధనిక దేశాల కూటమి జీ7 ముందుకు వచ్చిన ప్రతిపాదన అది. మళ్లీ మహమ్మారి వస్తే వంద రోజుల్లో టీకా సిద్ధంగా ఉండాలని.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 2020 అక్టోబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన షరతు ప్రకారం, ట్రయల్‌లో పాల్గొన్నవాళ్లలో కనీసం సగం మందిని చివరి డోసు తర్వాత రెండు నెలలు గమనించాలి. అప్పుడే అత్యవసర అనుమతి అడగాలి. ఆ మొదటి టీకాకు రెండు డోసుల మధ్య మూడు వారాల విరామం. 21 రోజులు, 60 రోజులు కలిపితే 81. వందలో మిగిలింది 19. టీకా తయారీ, జంతువుల మీద పరీక్ష, వేల మంది వాలంటీర్లను చేర్చుకోవడం, వచ్చిన లెక్కలన్నీ సరిచూడటం, మీ కమిటీ కూర్చుని చదవడం, అన్నీ ఆ 19 రోజుల్లో అయిపోవాలి. అది జరిగే పని కాదని మీకు నాకంటే బాగా తెలుసు. అంటే 81లోనే కొంత కోయాలి. లేదంటే, ఇదే పద్ధతిలో చేసిన పాత టీకా బాగానే పనిచేసింది కాబట్టి ఇదీ పనిచేస్తుందని నమ్మాలి.

ముఖ్యమైన వైరస్ కుటుంబాలకు నమూనా టీకాలు ముందే తయారుచేసి, పరీక్షించి పెట్టుకుంటామని ఆ లక్ష్యం పెట్టుకున్నవాళ్లు చెబుతున్నారు. మంచి ఆలోచన. నేను కాదనను. కానీ అప్పుడు నా చేతికి వచ్చే కాగితంలో ఒక మాట స్పష్టంగా ఉండాలి: ఇందులో ఎంత ఈ టీకా మీదే పరీక్షించి తెలుసుకున్నది, ఎంత పాత టీకాను బట్టి అనుకుంటున్నది. ఆ రెండూ కలిపి "పరీక్షించాం" అని ఒక్క ముక్కలో రాసేస్తే నేను ఆ తల్లికి తెలియకుండానే అబద్ధం చెప్పినట్టవుతుంది.

టీకా తయారీలో రెండు రకాల కాలం ఉంటుందని ఇన్నేళ్లకు నాకు అర్థమైంది. ఒకటి, ఊరికే ఎదురుచూసే కాలం. డబ్బు మంజూరు కోసం, ఫైలు కదలడం కోసం, ఫ్యాక్టరీలో వంతు కోసం. రెండోది, మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో చూసే కాలం. మొదటిదాన్ని ఎంత కోసినా ఎవరికీ నష్టం లేదు. కోవిడ్ టీకాలు తొందరగా రావడానికి ముఖ్య కారణం అదే. ట్రయల్ ఫలితం రాకముందే, టీకా పనికిరాకపోతే పారబోద్దామని తెగించి, కోట్ల డోసులు తయారుచేయించారు. దశల మధ్య నెలల తరబడి ఆగకుండా ఒకదాని వెంట ఒకటి నడిపారు. ఎంఆర్‌ఎన్‌ఏ మీద, కరోనా కుటుంబపు వైరస్‌ల పైన ముళ్లలా ఉండే ప్రోటీన్ మీద అంతకుముందే ఏళ్ల తరబడి పరిశోధన జరిగి ఉంది. పైగా రోగం అంతటా పాకుతుండటంతో, టీకా వేసుకున్నవాళ్లలో ఎందరికి వచ్చింది, వేసుకోనివాళ్లలో ఎందరికి వచ్చింది అన్నది నెలల్లోనే తేలిపోయింది. ముప్పై వేలు, నలభై వేల మందితో ట్రయల్స్ మాత్రం జరిగాయి. దీన్ని తొందరపాటు అనడం అన్యాయం.

ఎదురుచూసే కాలాన్ని కోయకపోతే ఏమవుతుందో కూడా చూశాం. ఎబోలా టీకా ఒకటి కోతుల మీద బాగా పనిచేస్తోందని 2000ల మొదటి సగంలోనే తేలింది. ఖర్చు పెట్టేవాళ్లు లేక దాదాపు పదేళ్లు అది అలాగే ఉండిపోయింది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా విజృంభించింది. 11,000 మందికి పైగా చనిపోయారు. 2015లో గినీలో, రోగుల చుట్టుపక్కల వాళ్లకు వేసి చూస్తే టీకా అద్భుతంగా పనిచేసింది. ఆ పదేళ్లలో ఎవరూ ఏదీ గమనించలేదు, ఎవరి భద్రతా పెరగలేదు. సీసా ఊరికే ఫ్రీజర్‌లో కూర్చుంది. అలాంటి ఆలస్యాన్ని ఎంత కోపంగా తిట్టినా తప్పు లేదు.

రెండో రకం కాలాన్ని కోస్తే ఏమవుతుందో చెప్పే కథలు మీకు తెలిసినవే. అయినా మళ్లీ చెబుతాను. వచ్చేసారి టీవీ కెమెరాలు మీ ఆఫీసు గుమ్మం ముందు నిలబడి "ఇంకెప్పుడు?" అని అడుగుతున్నప్పుడు ఇవి గుర్తుకు రావాలని.

1955 ఏప్రిల్ 12న పోలియో టీకా పనిచేస్తోందని అమెరికాలో ప్రకటించారు. అదే రోజు సాయంత్రానికి లైసెన్సులు ఇచ్చేశారు. నిపుణులు కూర్చుని చర్చించింది రెండున్నర గంటలు. వాళ్లను తప్పుపట్టడం తేలికే గాని, 1952లో ఆ ఒక్క దేశంలోనే దాదాపు 58,000 పోలియో కేసులు వచ్చాయన్నది మరిచిపోకూడదు. ప్రతి తల్లీ తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది. కానీ ట్రయల్‌లో వాడిన టీకా రెండు కంపెనీలు అతి జాగ్రత్తగా చేసినది. లైసెన్సు వచ్చింది ఐదు కంపెనీలకు. అందులో ఒకటైన కట్టర్ కంపెనీ సీసాల్లో వైరస్ పూర్తిగా చావలేదు. వైరస్ గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటే వైరస్‌ను చంపడానికి కలిపే ఫార్మాల్డిహైడ్ లోపలిదాకా చేరలేదు, పైనున్నవి చచ్చి లోపలివి బతికాయి. సుమారు 1,20,000 డోసుల్లో బతికున్న పోలియో వైరస్ వెళ్లింది. దాదాపు 200 మందికి పక్షవాతం వచ్చింది, పది మంది చనిపోయారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ కథలోని ఇంకో మనిషి. ప్రభుత్వ ల్యాబ్‌లో పనిచేసే బెర్నిస్ ఎడ్డీ అనే శాస్త్రవేత్త అంతకుముందు ఏడాదే ఆ టీకా శాంపిల్స్ కోతులకు ఎక్కించి చూసింది. కొన్ని కోతులకు కాళ్లు పడిపోయాయి. ఆమె పైవాళ్లకు చెప్పింది. ఆ మాట లైసెన్సు ఇచ్చినవాళ్ల నిర్ణయాన్ని మార్చలేకపోయింది. తొందరలో ఉన్న ఆఫీసులో అన్నిటికంటే ముందు దెబ్బతినేది ఇదే. చెడ్డవార్త తెచ్చిన మనిషి పనికి అడ్డొచ్చిన మనిషిలా కనిపిస్తుంది. మీ ఆఫీసులో ఇవాళ అలాంటి మనిషి ఎవరున్నారో ఒకసారి చూసుకోండి. ఆమె కుర్చీ తలుపుకు ఎంత దూరంలో ఉందో కూడా చూడండి.

టీకా సరిగ్గా తయారైనా సరిపోదు. 1960ల మధ్యలో ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు టీకా చేశారు. పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే వైరస్ అది. రక్తంలో యాంటీబాడీలు వచ్చాయి, కాగితం మీద అంతా బాగుంది. చలికాలం వచ్చి అసలు వైరస్ తగిలాక, టీకా వేసుకుని వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మంది ఆస్పత్రి పాలయ్యారు. వేసుకోనివాళ్లలో 5 శాతమే. ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. అది చిన్న ట్రయల్, కొన్ని పదుల మంది పిల్లలు. అక్కడే ఆగింది. అందరికీ వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. ఆర్‌ఎస్‌వీకి మొదటి టీకా అనుమతి పొందింది 2023లో. ఇప్పటికీ పసిపిల్లల మీద ఈ టీకాల ట్రయల్స్ అంటే జాగ్రత్తే. 2024లో ఒక కొత్త రకం టీకా పసిపిల్లల్లో తేడాగా కనిపించగానే ట్రయల్ ఆపేశారు. అలా ఆపగలిగినందుకు అక్కడి వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. యాంటీబాడీలు పెరిగాయి కదా, ఇంకేం కావాలి అని ఎవరైనా మీ దగ్గర వాదిస్తే ఆ ఇద్దరు పసివాళ్లను తలుచుకోండి.

ఇక డెంగీ టీకా. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాలాంటి నర్సుల బతుకుకు ఇది దగ్గరి కథ.

డెంగీకి ఒక పాడు గుణం ఉంది. మొదటిసారి కంటే రెండోసారి వేరే రకం సోకినప్పుడు ప్రమాదం ఎక్కువ. టీకాయే ఆ "మొదటిసారి" పాత్ర పోషిస్తే? ఎప్పుడూ డెంగీ రాని పిల్లకు టీకా వేస్తే, ఆ తర్వాత నిజంగా సోకినప్పుడు అది రెండోసారిలా విరుచుకుపడితే? ఈ అనుమానం కొందరు శాస్త్రవేత్తలు ముందే చెప్పారు. ట్రయల్‌లో మొదటి రెండేళ్లు అంతా బాగానే కనిపించింది. మూడో ఏట, రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో, టీకా వేసుకున్నవాళ్లే డెంగీతో ఎక్కువగా ఆస్పత్రుల్లో చేరారు. ఆ వివరం 2015లోనే బయటికొచ్చింది. చిన్నపిల్లల్ని పక్కనపెట్టి తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు వేయొచ్చని అనుమతులు వచ్చాయి. తేడా వయసు వల్ల వచ్చిందా, అంతకుముందు డెంగీ వచ్చిందా లేదా అన్నదాని వల్ల వచ్చిందా? తేల్చాలంటే టీకా వేయకముందు తీసిన రక్తం కావాలి. అది ట్రయల్‌లో కొద్దిమంది దగ్గరే తీసి ఉంది.

2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్‌లో బడిపిల్లలకు వేయడం మొదలుపెట్టారు. 8 లక్షల మందికి పైగా పిల్లలకు వేశారు. 2017 నవంబర్‌లో కంపెనీయే ప్రకటించింది, అంతకుముందు డెంగీ రానివాళ్లకు ఇది వేస్తే రోగం తీవ్రంగా రావచ్చని. పిల్లలకు సూది వేసిన నర్సులు ఆ రోజు ఇళ్లకు ఎలా వెళ్లి ఉంటారో నేను చాలాసార్లు ఆలోచించాను. ఏ బిడ్డకు అంతకుముందు డెంగీ వచ్చిందో, ఏ బిడ్డకు రాలేదో వాళ్లకు తెలీదు. తల్లులకూ తెలీదు. "నా బిడ్డ ఏ వైపు?" అని అడిగితే ఏం చెప్పాలి?

ఆ తర్వాత జరిగింది ఇంకా పెద్ద నష్టం. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్ముతున్నామని 2015 సర్వేలో అక్కడ 93 శాతం మంది చెప్పారు. 2018లో అదే మాట చెప్పినవాళ్లు 32 శాతం. 2019లో తట్టు విజృంభించింది. డెంగీ టీకాతో ఏ సంబంధం లేని, అరవై ఏళ్లుగా పిల్లల్ని కాపాడుతున్న తట్టు టీకాను కూడా తల్లులు అనుమానంగా చూశారు. ఒక టీకా విషయంలో చేసిన తొందరకు మిగతా టీకాలన్నీ మూల్యం చెల్లించాయి. మీ సంతకం ఒక్క టీకా మీదే పడుతుందని అనుకోవద్దు.

సంఖ్యల విషయానికి వస్తాను. పెద్ద ట్రయల్‌లో కూడా కొన్ని కనిపించవు. గణాంకాలు తెలిసిన ఒక డాక్టరు గారు నాకో సులువైన సూత్రం చెప్పారు. ఒక లక్షణం 15,000 మందిలో ఒక్కరికీ రాలేదనుకోండి. ఆ 15,000ను మూడుతో భాగించాలి. 5,000 మందిలో ఒకరి కంటే ఎక్కువగా రాదని మాత్రమే ధైర్యంగా చెప్పగలం. అంతకంటే అరుదైనది ఉందో లేదో తెలీదు. "అసలు రాలేదు" అన్నదానికీ "రాదు" అన్నదానికీ మధ్య అంత దూరం ఉంది. ప్రెస్‌మీట్‌లో మీరు "తీవ్ర దుష్ప్రభావాలు ఏవీ కనిపించలేదు" అన్నప్పుడు ఆ దూరం ఎంతో కూడా చెప్పండి. జనానికి అర్థం కాదనుకోకండి. నేను క్యూలో నిలబడినవాళ్లకు చెప్పి చూశాను, అర్థమవుతుంది.

రోటావైరస్ విరేచనాలకు 1998లో మొదటి టీకా వచ్చింది. ట్రయల్స్‌లో టీకా వేసిన సుమారు 10,000 మంది పసివాళ్లలో ఐదుగురికి పేగు మడతపడి పేగులోకే చొచ్చుకుపోయింది. వేయనివాళ్లలో ఒకరికి. యాదృచ్ఛికం కావచ్చు అనిపించే అంకె అది. అందరికీ వేయడం మొదలయ్యాక ఫిర్యాదులు వచ్చాయి. సుమారు 10,000 మందికి ఒకరి చొప్పున అని తేలింది. 1999లో టీకాను వెనక్కి తీసుకున్నారు. తర్వాత వచ్చిన రెండు రోటా టీకాలను ఒక్కోదాన్ని 60,000 మందికి పైగా పసివాళ్ల మీద పరీక్షించాకే బయటికి వదిలారు. అయితే ఆ రెండూ వచ్చేసరికి 2006 అయింది. ఆ మధ్యకాలంలో రోటావైరస్ ప్రపంచమంతటా ఏటా నాలుగైదు లక్షల మంది పిల్లల్ని తీసుకుపోతూనే ఉంది. పేగు చిక్కు పదివేలకు ఒకరికి, చావు వందలకు ఒకరికి ఉన్న చోట ఆ మొదటి టీకా వేసి ఉంటే ఎక్కువ మంది బతికేవాళ్లేమో. ఈ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. మీ పని ఎంత కష్టమో ఇక్కడే నాకు అర్థమవుతుంది. ఒక దేశంలో సరైన నిర్ణయం ఇంకో దేశంలో పిల్లల ప్రాణం తీయొచ్చు.

కాబట్టి అనుమతి ఇవ్వగానే మీ పని అయిపోలేదు. సగమే అయింది. 2021 మార్చిలో ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా తర్వాత కొందరిలో మెదడు రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, దాంతో పాటే ప్లేట్‌లెట్లు పడిపోవడం యూరప్‌లో కనిపించింది. సుమారు లక్షకు ఒకరు, చిన్న వయసువాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. ఏ ట్రయల్‌లోనూ దొరికే సంఖ్య కాదది. కానీ డాక్టర్లు వారాల్లోనే కారణం పట్టుకున్నారు. గడ్డలకు మామూలుగా ఇచ్చే హెపారిన్ ఇక్కడ ఇవ్వొద్దని, యాంటీబాడీలతో చేసిన మందు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాలని అందరికీ చెప్పారు. ఆ మాట వేగంగా పాకడం వల్ల ఎందరో బతికారు. నాకు కావలసిన వేగం అది. అనుమతిలో ఎంత తొందరపడ్డారో గమనించడంలో అంతకు రెట్టింపు తొందరపడండి.

నా చేతిలో ఉన్న గమనించే పని ఎలా సాగుతుందో చెబుతాను. ఫారం ఉంటుంది. పేరు, వయసు, బ్యాచ్ నంబరు, ఎన్ని గంటలకు వేశారు, లక్షణం ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏ జబ్బులున్నాయి. రోజంతా సూదులు వేసి, సాయంత్రం బొటనవేలు నొప్పెడుతుంటే అప్పుడు కూర్చుని నింపాలి. కొత్త టీకా వచ్చిన రోజుల్లో ఒక అమ్మాయి ఎనిమిదో రోజున తిరిగొచ్చింది. తలనొప్పి మాత్ర వేసుకున్నా తగ్గడం లేదంది. డాక్టరు దగ్గరికి పంపి, ఫారం అంతా నింపి, పైకి పంపాను. జవాబు రాలేదు. పది రోజులు చూసి ఫోన్ చేశాను. అందిందో లేదో కూడా చెప్పలేదు. ఆ అమ్మాయికి తగ్గిపోయింది, బాగుంది. అది టీకా వల్ల వచ్చిందా, మామూలు తలనొప్పా అన్నది మాత్రం నాకు ఈ రోజుకీ తెలీదు. నా పక్కన పనిచేసే పిల్ల అప్పటి నుంచి ఫారం నింపడం తగ్గించేసింది. "ఎవరు చదువుతారక్కా?" అంటుంది. ఆ మాట మీరు వినాలి. పంపిన ప్రతి ఫారానికి "అందింది, చూస్తున్నాం, ఇదీ తేలింది" అని మూడు ముక్కల జవాబు వస్తే చాలు, ఆ పిల్ల మళ్లీ కలం పట్టుకుంటుంది.

గమనించడానికి పాత లెక్క కూడా కావాలి. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ మహమ్మారి వస్తుందని భయపడి దేశమంతా టీకాలు వేశారు. అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్‌లో ఒకే కేంద్రంలో టీకా వేసుకున్న ముగ్గురు ముసలివాళ్లు చనిపోయారు. అందరూ హడలిపోయారు, కొన్ని రాష్ట్రాలు టీకాలు ఆపేశాయి. నిజానికి అంతమంది వృద్ధులకు టీకా వేస్తే కొందరు ఎలాగూ ఆ వారంలో పోతారు. ఆ చావులకు టీకా కారణం కాదని తేలింది. అసలు సమస్య వేరే ఉంది. గిలాన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు, లక్ష మందికి ఒకరు అదనంగా. అది తర్వాత బయటపడింది, డిసెంబర్‌లో కార్యక్రమం ఆగిపోయింది. అప్పటికే 4 కోట్ల మందికి పైగా వేసేశారు. భయపడ్డ మహమ్మారి రానే లేదు. మహమ్మారి రాక ముందు ఏ జబ్బు ఏ వయసులో ఎంతమందికి వస్తుందో లెక్క రాసి పెట్టుకుని ఉంటేనే, టీకా తర్వాత వచ్చింది ఎక్కువో కాదో తెలుస్తుంది. ఈ పని మహమ్మారి లేని రోజుల్లోనే చేయాలి. అంటే ఇప్పుడు.

పై నుంచి వచ్చే ఒత్తిడి గురించి నర్సు చెప్పేదేముంది అనుకోకండి. ఆ ఒత్తిడి జారుకుంటూ చివరికి నా టేబుల్ దగ్గరికే వస్తుంది. 2020 ఆగస్టు 11న రష్యా తన టీకాను 76 మంది మీద చేసిన పరీక్షలతో, వేల మంది మీద చేసే మూడో దశ ట్రయల్ కాకముందే రిజిస్టర్ చేసింది. 2021 జనవరి 3న భారత్ కొవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే "క్లినికల్ ట్రయల్ మోడ్"లో అనుమతి ఇచ్చింది. తర్వాత రెండిటికీ మంచి ఫలితాలే వచ్చాయి. అయినా ఆ అనుమానపు మరక తేలిగ్గా పోలేదు. కొన్ని నెలలు ఓపిక పట్టి ఉంటే ఆ టీకాలు తమ బలంతో తాము నిలబడేవి. అదే 2020లో, అమెరికా ఎన్నికల ముందు ఎంత ఒత్తిడి వచ్చినా, ఎఫ్‌డీఏ అధికారులు ఆ రెండు నెలల షరతు వదలలేదు. తొమ్మిది టీకా కంపెనీల అధిపతులు కూడా సరైన రుజువు లేకుండా అనుమతి అడగమని బహిరంగంగా మాట ఇచ్చారు. ఆ మాట చదివిన రోజు నాకు ధైర్యం వచ్చింది. ఎవరూ చెప్పకపోయినా చెబుతున్నాను: మీరు "ఇంకా ఆగాలి" అన్న ప్రతిసారీ ఎక్కడో ఒక నర్సు మీకు మనసులో దండం పెట్టుకుంటుంది.

ఇంకొక్క సంగతి. చాలా తక్కువ మందికే అయినా, నష్టం జరుగుతుంది. 2009 ఫ్లూ మహమ్మారికి యూరప్‌లో వేసిన పాండెమ్‌రిక్స్ టీకా తర్వాత కొందరు పిల్లలకు నార్కోలెప్సీ వచ్చింది. పగలు కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోతారు, నవ్వితే మోకాళ్లు పట్టు తప్పి పడిపోతారు. జీవితాంతం ఉండే జబ్బు. బ్రిటన్‌లో ఒక పిల్లాడి కుటుంబం పరిహారం అడిగితే, 60 శాతం వైకల్యం లేదు కాబట్టి ఇవ్వమని ప్రభుత్వం వాదించింది. 2017లో అప్పీల్ కోర్టు ఆ కుటుంబం పక్షాన తీర్పు ఇచ్చేదాకా వాళ్లు పోరాడాల్సి వచ్చింది. అందరి కోసం చెయ్యి చాచిన పిల్లాడు కోర్టు మెట్లెక్కాలా? తొందరలో అనుమతి ఇస్తున్నాం అంటే, తెలియనిది ఎక్కువగా ఉందని ఒప్పుకుంటున్నట్టే. అలాంటప్పుడు పరిహారం నిధి అనుమతి పత్రంతో పాటే రావాలి. వకీలు అవసరం లేకుండా, తప్పు ఎవరిదని రుజువు చేయమనకుండా. కంపెనీలకు చట్టపరమైన రక్షణ ఇచ్చే రోజునే, సూది వేయించుకున్నవాళ్లకూ ఆ రక్షణ ఇవ్వండి. కంపెనీ నష్టాన్ని మీరు భరించగలిగినప్పుడు ఆ పిల్లాడిది కూడా భరించగలరు.

ఇవన్నీ ఒక్కరోజులో జరగవని నాకు తెలుసు. ఒకటి మాత్రం వెంటనే చేయగలిగేది ఉంది. అత్యవసర అనుమతితో వచ్చే ప్రతి టీకా పెట్టెలో నాకు ఒక్క పేజీ కాగితం పెట్టండి. మామూలు భాషలో. ఎంతమంది మీద చూశారు, ఎన్ని వారాలు చూశారు, గర్భిణుల మీద చూశారా, పసివాళ్ల మీద చూశారా, ఇంకా ఏం తెలియదు, ఎన్నాళ్లలో తెలుస్తుంది, ఏ లక్షణం వస్తే ఎక్కడికి ఫోన్ చేయాలి, ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు. కొత్త విషయం తెలిసిన వారంలోగా ఆ కాగితం మార్చి పంపండి. చివర్న మీ సంతకం ఉండాలి, నా సంతకం కోసం కూడా ఒక గీత ఉండాలి.

రేపు ఆ తల్లి మళ్లీ వస్తుంది. బిడ్డ చెయ్యి పట్టుకుని, అదే ప్రశ్న అడుగుతుంది. అప్పుడు నేను సూది ట్రేలో పెట్టి, ఆ కాగితం ఆమె చేతికిచ్చి, "కూర్చోమ్మా, రెండు నిమిషాలు చదువుకుందాం" అనాలనుకుంటున్నాను.

ఇట్లు,
టీకాలు వేసే ఒక నర్సు